మూసిన తలుపు వెనక సంగీతం

కార్ఖానా బస్తీలో ఆర్థర్ ఇంటి ముందుగదిలో రెండు సింథసైజర్లు ఉండేవి. ఒకటి ఆర్థర్‌ది, రెండోది సీతాఫల్‌మండి నుంచి స్కూటర్ మీద మోసుకొచ్చిన స్నేహితుడు సదాశివది. ఇద్దరూ కలిసి మాటలు లేని, ముగిసే ఉద్దేశం అసలే లేని రాక్ సంగీతం వాయించేవారు. ‘అంతరిక్ష యాత్ర’ అని ఒక క్యాసెట్ కూడా రికార్డు చేశారు. అందులో ఉల్కలు రాలే ఘట్టాన్ని విన్నవాళ్లంతా మెచ్చుకున్నారు. అది వంటింట్లో ఆర్థర్ భార్య సువార్త పోపు వేసిన చప్పుడు.

శనివారం సాయంత్రాలు సాధన. మిగతా వేళల్లో ఆర్థర్ తల్లి ప్రేమమణి పని చెప్పకుండా ఎవర్నీ కూర్చోనిచ్చేది కాదు. ఆ సంగీతం మొదలైతే మాత్రం చెవులు మూసుకుని పెరట్లోకి పోయేది. ఆ గది ఛాయలకు కూడా వచ్చేది కాదు.

ఆర్థర్‌కు ఒక ఘనమైన ఆలోచన వచ్చింది.

“క్యాసెట్ పెట్టేసి పక్క తలుపులోంచి పోదాం. మనమే వాయిస్తున్నామనుకుంటారు.”

“గిదేం సాధన భై? యాడికి పోదాం?”

“ఇరానీ చాయ్.”

సదాశివ అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు.

ఆ రోజు నుంచి శనివారాలు టేపు వాయించేది, వీళ్లు సమోసాలు తినేవారు. ఒక్కటే ఇబ్బంది. అరగంటకు క్యాసెట్ ఒక పక్క అయిపోతుంది, ఆలోపే వచ్చి పడాలి. గుట్టు బయటపడితే ఇక శనివారాలు కూడా అమ్మ చెప్పే పనులకే పోతాయి. ఆ భయంతో గబగబా తాగీ తాగీ ఇద్దరి నాలుకలూ కాలిపోయేవి.

ఒకరోజు కబుర్లలో పడి టైము మరిచారు. పడుతూ లేస్తూ పరుగెత్తుకొచ్చారు. సందు మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి సంగీతం ఇంకా వినిపిస్తోంది. అదీ రెండో పక్క.

“మనం ఈడుంటే ఆడ వాయించేదెవరు భై?” అన్నాడు సదాశివ.

ఆర్థర్ లోలోపల ప్రార్థన చేసుకుంటూ తలుపు తోశాడు. సువార్త అతని కుర్చీలో కూర్చుని, సింథసైజర్ మీద పల్లీల గిన్నె పెట్టుకుని నవల చదువుతోంది.

“అప్పుడే వచ్చేశారేం?”

“నువ్వు... ఇక్కడ...”

“మెల్లగా! అత్తయ్యగారు నేను బజారుకెళ్లాననుకుంటున్నారు.”

“ఎప్పటినుంచి?”

“మీరు చాయ్ మొదలుపెట్టినప్పటినుంచి. ప్రతిసారీ మీరొచ్చేలోపు వెళ్లిపోయేదాన్ని. ఇవాళ దేవుడి దయవల్ల మీరు రాలేదు, క్యాసెట్ నేనే తిప్పుకున్నా.”

ఆర్థర్‌కు భయం పోయి ఆశ పుట్టింది. ఇన్ని వారాలుగా తన సంగీతం విన్న మనిషి!

“ఎలా ఉంది?”

“దీన్ని మించింది లేదండీ,” అంది సువార్త మనస్ఫూర్తిగా. ఆర్థర్ పొంగిపోయాడు. “ఇది మోగుతున్నంతసేపూ ఇటు ఒక్క పురుగు రాదు. పైగా మీరు వాయిస్తే భరించాలి. టేపు అయితే సౌండు తగ్గించుకోవచ్చు.”

సదాశివ నవ్వు ఆపుకోలేక గోడవైపు తిరిగాడు.

“కానీ అరగంట నా నవలకు చాలట్లేదు. పెద్ద క్యాసెట్ తెచ్చాను, నిండా కొత్తది రికార్డు చేయండి. నిండేదాకా చాయ్ లేదు.”

“సువార్తా...”

“అత్తయ్యగారిని పిలవనా?”

ఆర్థర్ మీటల మీద చేతులు పెట్టాడు. వాయించి వారాలైంది. వేళ్లు మాట వినలేదు.

సువార్త తలుపు దగ్గర ఆగింది.

“మరీ బాగా వాయించకండి. బాగుంటే అత్తయ్యగారు వినడానికి లోపలికొచ్చేస్తారు.”