టీచరమ్మ మీద ఎవరికీ అనుమానం లేదు

మా నగర పోలీసు శాఖ ఇకపై నేరాలన్నింటినీ డిటెక్టివ్ కథల పద్ధతిలోనే పరిశోధిస్తుందని తెలియజేయడానికి ఎంతో సంతోషిస్తున్నాను. పెద్ద అధికారిగారు కాలు విరిగి నెల్లాళ్ళు మంచంమీద ఉన్నప్పుడు అలాంటి కథల సంపుటాలు పదహారు చదివారు. పదహారింటిలోనూ, ఎవరిమీద అనుమానం రాలేదో వారే హంతకులని తేలింది. ఇన్నేళ్ళుగా అనుమానం ఉన్నవాళ్ళను పట్టుకుని శాఖ ఎంత పొరపాటు చేసిందో ఆయనకు అప్పుడు తెలిసివచ్చింది. ఇన్‌స్పెక్టర్లకు తలా ఒక భూతద్దం, మోకాళ్ళు దాటే కోటు ఇచ్చారు. మండుటెండలో ఆ కోట్లు విప్పకుండా వారు చూపుతున్న కర్తవ్యదీక్షను ఎంత పొగిడినా తక్కువే.

కొత్త పద్ధతికి మొదటి అవకాశం ఇచ్చిన ఘనత మా భవనానిది. అయిదంతస్తులు, ఇరవై వాటాలు, కదలని లిఫ్టు, వెనక మురిక్కాలవ. ఒకరోజు పట్టపగలు మా నీళ్ళ మోటారు పోయింది. మూడో అంతస్తు కాంట్రాక్టరు బావమరిది దాన్ని ఆటోలోకి ఎక్కిస్తుంటే పదకొండుమందిమి చూశాం. వాచ్‌మన్ గేటు తీసి పట్టుకున్నాడు కూడా.

"నేనే తీశానండి. అమ్మేశాను," అన్నాడు బావమరిది.

ఇన్‌స్పెక్టరు జాలిగా నవ్వారు. "రెండో పేజీలోనే ఒప్పుకునేవాడు దొంగెలా అవుతాడయ్యా? వెళ్ళి నీ పని చూసుకో."

తర్వాత మమ్మల్నందరినీ మెట్లమీద నిలబెట్టి, ఎవరిమీద బొత్తిగా అనుమానం లేదో చెప్పమన్నారు. ఒక్క గొంతుతో, కింది వాటా టీచరమ్మ అన్నాం. రిటైరయ్యాక కూడా ఆవిడ మా పిల్లలకు ఊరికే లెక్కలు చెబుతుంది. మోకాళ్ళ నొప్పులతో సగం బకెట్టు నీళ్ళు కూడా ఎత్తలేదు.

"బంగారంలాంటి మనిషండీ," అన్నాడు కాంట్రాక్టరు. ఇన్‌స్పెక్టరు రాసుకున్నారు. "చీమకైనా హాని తలపెట్టదండీ," అంది కుట్టుమిషను ఆవిడ. దానికింద గీత గీసుకున్నారు. మేం పొగిడినకొద్దీ కేసు బిగుసుకుంది. కుట్టుమిషను ఆవిడ కన్నీళ్ళు పెట్టుకోవడంతో సాక్ష్యం సంపూర్ణమై, టీచరమ్మను జీపెక్కించారు.

వారం గడిచింది. స్టేషన్ సిమెంటు నేలమీద ఆవిడ మోకాళ్ళు వాచిపోయాయి. సోమవారం కోర్టులో హాజరుపరిస్తే ఇక జైలే. కూతురు వచ్చి ఇన్‌స్పెక్టరు కాళ్ళావేళ్ళా పడింది.

"రూలు రూలేనమ్మా. మీ అమ్మగారి మీద పదిమంది అనుమానం ఉందని రాసిస్తే ఈ క్షణమే వదిలేస్తాను," అన్నారాయన.

ఆ పిల్ల మిగతా పందొమ్మిది తలుపులూ తట్టింది. "అమ్మ గురించి ఏదైనా చెడ్డమాట రాసివ్వండి పిన్నిగారూ. అబద్ధమైనా పర్వాలేదు," అని బతిమాలింది. ఎవరికీ ఏమీ తోచకపోతే అందిద్దామని నాలుగు అబద్ధాలు తనే కాగితంమీద రాసి తెచ్చుకుంది. ఆ కాగితంతో పనే పడలేదు.

ఊరికే చదువు చెప్పేవాళ్ళను ఎలా నమ్మడం అని ఒకరు రాశారు. తమవాడు పరీక్ష తప్పడానికి ఆ లెక్కలే కారణమని ఇంకొకరు. ఎప్పుడూ నవ్వు మొహంతో ఉండేవాళ్ళ కడుపులో ఏముంటుందో ఎవరికి తెలుసని కాంట్రాక్టరు. భర్త అంత చిన్న వయసులో ఎందుకు పోయాడో ఆరా తీయమని కుట్టుమిషను ఆవిడ, కాగితం రెండు వైపులా నింపి ఇంకో కాగితం అడిగింది. నేనూ మూడు పేజీలు రాశాను. శైలి బాగుందని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నారు.

"నాకేం తోచట్లేదక్కా. ఆవిడ మంచిదే కదా," అన్నాడు బావమరిది ఒక్కడే. ఇరుగుపొరుగుకు ఆపాటి సాయం చెయ్యలేని మనిషేమిటని అందరం చీదరించుకున్నాం.

విడుదలయ్యేవారికి కాగితాలన్నీ చదివి వినిపించాలని నిబంధన. టీచరమ్మ బల్లమీద కూర్చుని ఒక్కొక్కటీ వింది.

"ఇవి మా అమ్మాయి చెప్పి రాయించిందా బాబూ?" అని అడిగింది.

"రాయమని అడిగిందంతేనమ్మా. మాటలన్నీ వాళ్ళవే," అన్నాడు కానిస్టేబుల్.

ఆవిడ, ఇంకొన్నాళ్ళు తనను అక్కడే ఉండనిస్తారా అని ఇన్‌స్పెక్టరును అడిగింది. ఇంతమందికి అనుమానం ఉన్న మనిషిని స్టేషన్‌లో ఉంచుకోవడం నిబంధనలకు విరుద్ధమని చెప్పి, ఆయన ఆవిడను జీపులో తెచ్చి మా మధ్యనే దింపి వెళ్ళారు.