కొవ్వొత్తి కాపలా

నినింగ్‌కి మొగుడి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. అతను ఇంట్లో ఉంటాడు.

జకార్తాలో, తెబెత్‌లోని ఆ ఇరుకు సందులో మిగతా ఆడవాళ్లందరి బాధా తమ మొగుళ్లు వేళకి ఇల్లు చేరరని. నినింగ్ మొగుడు ప్రస్తోవో అసలు ఇల్లు కదిలితే కదా చేరడానికి! తాగడు, తిరగడు, పేకాడడు, పిట్టల పందేలకైనా పోడు. పొద్దున్నే లేచి, పైన పెళ్లిళ్లకి వేసుకునే పొడుగు చేతుల బాతిక్ చొక్కా, కింద పాత లుంగీ కట్టుకుని, కిటికీ పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుంటాడు. ఇలాంటి మనిషి గురించి పుట్టింటి వాళ్లకి ఏమని చెప్పుకుని ఏడవాలి?

మొగుణ్ణి ఆమె అక్కడి వాడుకలో "మాస్" అని పిలుస్తుంది. "మాస్, కాసేపలా బయటికి వెళ్లి రాకూడదూ? ఇల్లు ఊడ్చుకుంటాను" అంటే, రెండు కాళ్లూ పైకెత్తి, "ఊడ్చుకో" అంటాడు. పైగా సాయం చేసినట్టు మొహం ఒకటి.

సురబాయాలో పడవ ఇంజన్ల విడిభాగాలు అమ్మే కంపెనీ ఒకటుంది. ఇంజను మొరాయించిన జాలర్లు ఆ కంపెనీని తిడుతూ రాస్తారు. ఆ తిట్లకి జకార్తాలో కూర్చుని మర్యాదగా జవాబులు రాయడం ప్రస్తోవో ఉద్యోగం. అంతకు ముందు ఉద్యోగానికి రోజూ రైలెక్కేవాడు. ఆ రైల్లో ఎవరి చెయ్యి ఎవరి చంకలో ఉందో దిగేదాకా తెలిసేది కాదు. కొత్త ఉద్యోగం ఖాయమైతే ఆ రైలు జన్మకి తప్పినట్టే. ఖాయమవుతుందా లేదా అన్నది పై అధికారిణితో మాట్లాడే రోజున తేలాలి.

తేలకుండా అడ్డుపడుతున్నది ఒక చుక్క. పని చేస్తున్నంతసేపూ అతని పేరు పక్కన ఆకుపచ్చ చుక్క వెలగాలి. కానీ రోజూ మధ్యాహ్నం ఆ సందులో నెట్ పోతుంది, చుక్క పసుపు రంగులోకి తిరుగుతుంది. అతను మాత్రం టైపు చేస్తూనే ఉంటాడు, నెట్ వచ్చాక అన్నీ కలిపి పంపుతాడు. పై అధికారిణి బు రెత్నో, అంటే రెత్నో గారు, సురబాయాలో కూర్చుని ఆ పసుపు చుక్కని చూసి, మనిషి గుర్రుపెట్టి నిద్రపోతున్నాడని నిర్ణయానికి వచ్చింది. "మీరు నిజంగా పనిచేస్తున్నట్టు నాకు నమ్మకం కలగాలి. సాక్ష్యం ఉందా?" అని అడిగింది. "మా ఆవిడ చూస్తూనే ఉంటుంది" అన్నాడు ప్రస్తోవో. పెళ్లాల సాక్ష్యం చెల్లదంది.

ఇంతకీ సందులో వాళ్లకి అతను తన పనేమిటో చెప్పకపోలేదు. "ఆన్‌లైన్ పని" అన్నాడు. అంతకు ముందు ఆ సందులో ఆ మాట అన్నవాణ్ణి జూదం కేసులో పోలీసులు పట్టుకెళ్లారు. అప్పట్నుంచీ ఆ మాటకి అక్కడ పెద్ద గౌరవం లేదు.

అదే వారంలో నినింగ్ ఇంటికి కొత్త ఫ్రిజ్ వచ్చింది. మర్నాడు కూరల బండి దగ్గర బు కోకోమ్ ఆమెని పట్టుకుంది. సందుకి పెద్ద అయిన పాక్ సోలిహిన్‌కి, అంటే సోలిహిన్ గారికి, ఆవిడ భార్య. పెద్దరికం ఆయనది, పెత్తనం ఈవిడది.

"ఫ్రిజ్ వచ్చిందటగా?" అంది తూటికూర కట్ట దులుపుతూ.

"పాతది పాడైంది బు."

"పాడవడం సరేనమ్మా, అందరివీ పాడవుతాయి. ఇంట్లో కూర్చున్న మనిషికి కొత్తది ఎలా వస్తుందీ అని! మా ఆయన పొద్దున పోతే పొద్దుగూకి వస్తాడు. మా ఇంటికి ఇంతవరకు మిక్సీ మూతైనా కొత్తది రాలేదు."

నినింగ్ నవ్వి, మిరపకాయలు తీసుకుని వెళ్లిపోయింది. ఆమె మలుపు తిరిగాక బు కోకోమ్ గొంతు తగ్గించింది.

"మా అమ్మమ్మ చెప్పేది. కూర్చున్న చోటే డబ్బు చేసుకునేవాడు సంజెవేళ మాయపందిగా మారి ఇంటింటి గోడకీ వీపు రుద్దుతాడట. రుద్దిన ఇంట్లో డబ్బు మాయం. వాడు తిరిగొచ్చేదాకా పెళ్లాం నీళ్ల పళ్లెంలో దీపం పెట్టుకుని కాపలా కాయాలి. దీపం ఆరిందో, పంది ఉన్నచోటే మనిషైపోతుంది. ఒంటిమీద నూలుపోగుండదు."

వింటున్న వాళ్లందరికీ ఒక్కసారిగా తమ తమ ఇళ్ల సంగతి వెలిగింది. నెలాఖరుకి ఎవరింట్లోనూ డబ్బు మిగలడం లేదు. అంతకు ముందూ మిగిలేది కాదు కానీ, అప్పుడు కారణం తెలిసేది కాదు.

ఇక ఆ రోజు సంగతి. పొద్దున పది గంటలకి బు రెత్నోతో మాటలు. నినింగ్ ముందే వంట ముగించి, మిక్సీ తీగ పీకేసి, ఎదురింటి కోడిపుంజుకి నూకలు పోసి బతిమాలుకుంది. అంతా సిద్ధమయ్యాక సురబాయా నుంచి కబురొచ్చింది, సాయంత్రం మాట్లాడుకుందామని. కోడిపుంజు తిన్న నూకలు తిన్నట్టే పోయాయి.

మధ్యాహ్నం కుండపోతగా వాన. వాన వెలిసింది, సంజె నమాజు పిలుపు ముగిసింది, కరెంటు పోయింది. కరెంటు పోవడానికే కాచుకున్నట్టు గోడల పగుళ్లలోంచి ఉసిళ్లు పుట్టలు పుట్టలుగా లేచాయి.

కరెంటు లేకపోతే నెట్ లేదు. ఫోను నెట్‌తో లాప్‌టాప్ నడుపుదామంటే సిగ్నల్ అందేది బట్టలారేసుకునే డాబా మీదే. చీకట్లో అక్కడ లాప్‌టాప్ తెరిస్తే ఈ ఊళ్లో ఉసిళ్లన్నీ దాని మీదే. ప్రస్తోవో బుర్ర పాదరసంలా పనిచేసింది. వెడల్పాటి పళ్లెంలో నీళ్లు పోసి, నడుమ గిన్నె బోర్లించి, దాని మీద కొవ్వొత్తి వెలిగించి ముందు గదిలో పెట్టాడు. దీపం కోసం వచ్చిన పురుగు నీళ్లలో పడుతుంది. డాబా ప్రశాంతంగా ఉంటుంది.

సరిగ్గా అప్పుడే బు కోకోమ్ అరటిపండు బజ్జీల పళ్లెంతో కిటికీ దాకా వచ్చింది. బజ్జీలు ఇవ్వడానికే. ఫ్రిజ్ ఎన్ని తలుపులదో చూడటం వాటితోపాటు.

లోపల్నించి ప్రస్తోవో గొంతు వినబడింది. "నినింగ్, ఇక్కణ్ణుంచి కదలకు. ఈ కొవ్వొత్తి ఆరిందంటే నా పని అయిపోయినట్టే."

"ఎంతసేపు?"

"నేను తిరిగొచ్చేదాకా. ఎవరొచ్చినా తలుపు తియ్యకు. ఇవాళ ఈ పని కుదిరితే ఇంక మనకి డబ్బుకి ఇబ్బంది ఉండదు."

"ఆ లుంగీ ముడి బిగించుకోండి మాస్, ఊడిపోయేలా ఉంది."

"ఊడితే ఊడింది. చీకట్లో ఎవరు చూడొచ్చారు?"

వెనక తలుపు చప్పుడైంది. అతను చీకట్లో కలిసిపోయాడు. కిటికీ సందులోంచి చూస్తే నినింగ్ ఒక్కతే, నీళ్ల పళ్లెం ముందు, రెండు చేతులూ కొవ్వొత్తికి అడ్డుపెట్టి, రెప్ప వేయకుండా.

బు కోకోమ్ వెనక్కి పరుగెత్తింది. దారిలో ఒక్క బజ్జీ కూడా కింద పడలేదన్నది ఆవిడ నిబ్బరానికి గుర్తు.

కాసేపటికి పాక్ సోలిహిన్ కర్ర పట్టుకుని సందుకి ఆ చివర కొందరినీ ఈ చివర కొందరినీ నిలబెట్టాడు. దీపం ఆర్పే పని భార్యకి అప్పగించాడు. ఇంట్లో ఎలాగూ అన్నీ ఆవిడే ఆర్పుతుంది.

"నినింగ్! నేనేనమ్మా, కోకోమ్‌ని. బజ్జీలు తెచ్చాను."

"ఇప్పుడు తలుపు తియ్యలేను బు. కొవ్వొత్తి చూసుకోవాలి."

గోడ పక్కన నక్కినవాళ్లు దేవుణ్ణి తలుచుకున్నారు.

"పోనీ, కిటికీలోంచి అందుకో. చల్లారిపోతున్నాయి."

వేడి బజ్జీ అంటే నినింగ్‌కి బలహీనత. ఒక చెయ్యి కొవ్వొత్తి దగ్గరే ఉంచి, రెండో చేత్తో కిటికీ రెక్క తీసింది. బు కోకోమ్ పళ్లెంతో పాటు తలకాయ కూడా లోపలికి పెట్టి, బుగ్గలు పూరించి ఉఫ్‌మంది.

"అయ్యో, ఊదకండి బు! ఆయన బతుకంతా దీని మీదే ఉంది!"

"తెలుసే! అందుకే ఊదుతున్నా!"

రెండో ఉఫ్‌కి కొవ్వొత్తి ఆరిపోయింది.

డాబా మీద అప్పుడే ప్రస్తోవో, "బు, పని వేళల్లో నేను కుర్చీలోంచి కదలనే కదలను" అంటున్నాడు. ఆ మాట పూర్తయ్యేలోగా కింద గదిలో ఉన్న ఉసిళ్లన్నీ వెలుతురు వెతుక్కుంటూ పైకొచ్చాయి. చొక్కాలో, చెవుల్లో, లుంగీలో, ఎక్కడ దూరాలంటే అక్కడ దూరాయి. అతను కుర్చీ తన్ని లేచాడు. లుంగీ బట్టల తీగకి చిక్కుకుని అక్కడే ఆగిపోయింది. అతను ఆగలేదు. మెట్లు దిగి, ముక్కులో దూరిన ఉసిళ్లని గుర్రు గుర్రుమని చీదుతూ, చెడ్డీతో సందు నడుమ వచ్చి పడ్డాడు.

"అదిగో! మారాడు! మారాడు!"

"గుర్రుమంటున్నాడు, విన్నారా?"

"మరి చొక్కా ఉందేమిటి?" అన్నారెవరో.

పాక్ సోలిహిన్ ఫోను దీపం వేసి ఎగాదిగా చూశాడు. "పైసగం ముందు మారినట్టుంది" అన్నాడు. కర్రలు పైకి లేచాయి.

అప్పుడు డాబా మీద నుంచి గట్టిగా ఒక ఆడగొంతు పలికింది. "పాక్ ప్రస్తోవో? కదలనన్నారు, ఎక్కడికెళ్లారు?"

సందంతా కొయ్యబారిపోయింది. నినింగ్ గబగబా పైకెక్కి, ఫోను డాబా అంచునే ఉంచి, ఒక చేత్తో లుంగీ, ఒక చేత్తో లాప్‌టాప్ పట్టుకుని దిగింది. లుంగీ మొగుడి మొహాన కొట్టి, లాప్‌టాప్ పాక్ సోలిహిన్ ముందు పెట్టింది. తెర మీద బు రెత్నో మొహం, ఆ మొహం మీద నాలుగు ఉసిళ్లు.

"ఈవిడే మా ఆయనకి జీతమిచ్చేది. ఆ కర్రలతో ఏం చెయ్యబోతున్నారో ఈవిడకి చెప్పండి" అంది.

పై అధికారులు కనిపిస్తే పాక్ సోలిహిన్‌కి టోపీ సర్దుకోవడం అలవాటు. సర్దుకున్నాడు. "బు, మీ మనిషి మీద మాకు ఫిర్యాదు ఉంది."

"నాకూ ఉంది. ముందు మీది చెప్పండి."

ఆయన నోరు తెరిచేలోగా బు కోకోమ్ అందుకుంది. "మీ మనిషి ఇక్కడికొచ్చి కూర్చున్నప్పట్నుంచీ గడప దాటలేదండీ!"

"దాటలేదా? మధ్యాహ్నాలు కూడా?"

"మధ్యాహ్నం ఎక్కడికి పోతాడూ? ఆ కిటికీ దగ్గరే, టకటకా టకటకా కొట్టుకుంటూ. నేను నడుం వాల్చుదామన్నా ఆ చప్పుడే!"

"నిద్రపోడా?"

"నిద్రా! మా ఆయన కాఫీకి పిలిస్తే రాడు. పెళ్లికి పిలిస్తే పెళ్లాన్ని పంపిస్తాడు. ఆదివారం సందంతా కలిసి కాలవ పూడిక తీస్తుంటే, ఎవరికో ఇంజను మునిగిపోయిందట, జవాబు రాయాలన్నాడు. ఇదేం మనిషి లక్షణమండీ?"

బు రెత్నో ఏదో రాసుకుంది. "మీ సందులో మధ్యాహ్నం నెట్ ఉంటుందా?"

"మధ్యాహ్నమా?" పాక్ సోలిహిన్ గొంతు పెరిగింది. చాలా రోజులుగా ఎవరూ వినని బాధ అది. "భోజనాలవేళ పోతే మళ్లీ సాయంత్రమే బు! నా చేత్తో ఎన్ని అర్జీలు పెట్టాను! మా మనవడి చదువు అక్కడే ఆగిపోయింది."

తెర మీద బు రెత్నో రాసుకున్నదంతా మళ్లీ చదువుకుంది. ప్రస్తోవో లుంగీ ముడి రెండుసార్లు బిగించుకున్నాడు. నినింగ్ అతని మోచెయ్యి పట్టుకుంది.

"పాక్ ప్రస్తోవో, మీరు నిద్రపోతున్నారనుకున్నాను. పొరపాటు నాదే. మీ ఉద్యోగం ఖాయం. ఇంత కిట్టనివాళ్లు ఇంత మంచి సాక్ష్యం చెప్పడం నేనింతవరకు చూడలేదు."

కర్రలు ఒక్కొక్కటీ గోడకి చేరాయి. ఇక మిగిలింది బు కోకోమ్. సందంతా ఆవిడ వైపు తిరిగింది. ఆవిడ ఆకాశం కేసి చూసింది, ఆరిన కొవ్వొత్తి కేసి చూసింది, మొగుడి కేసి చూసింది. అక్కడా సాయం దొరకలేదు.

"సరే, నాదే తప్పు" అంది చివరికి. "పంది కాదు. పందైతే మధ్యాహ్నం ఒక కునుకైనా తీస్తుంది."

ఆవిడ తప్పొప్పుకోవడం ఆ సందులో అదే మొదటిసారి. అంతటి మాటకి సురబాయా నుంచి కూడా ఒక సాక్షి ఉండటం మంచిదే అయింది.