భయం లేనివాళ్లు చివర

ఆ ఉదయం అండమాన్‌లోని వండూర్ మీద ఆకాశం కాసేపు వాన కురిపించింది, కాసేపు ఎండ కాసింది, సంతకం ఎక్కడ పెట్టాలో తోచని ఆఫీసరులాగా. సరిగ్గా పదింటికి డిప్యూటీ డైరెక్టర్ గణేశ్వరరావు గారు పోర్ట్ బ్లెయిర్ నుంచి మూడు జీపులతో దిగి, దివ్యాంగ పిల్లల బడి వరండాలో మైకు అందుకున్నారు.

"హెపటైటిస్-బి మీద నేటి నుంచి యుద్ధం ప్రకటిస్తున్నాను."

ఆయా కాళమ్మ ఈ మాట కోసం నాలుగు నెలలుగా చూస్తోంది. పిల్లల్లో జాహ్నవికి ఆ జబ్బుందని రక్తపరీక్షలో తేలింది. జాహ్నవి బంగారు తల్లి. పెద్ద చప్పుడైతే మాత్రం బెదిరి, అందిన చేతిని కరుస్తుంది. అందే చెయ్యి ఎప్పుడూ కాళమ్మదే. ఇంతవరకు ఆమెకు అంటలేదు. టీకా పడితే పిల్లని నిశ్చింతగా ఒళ్లో పెట్టుకోవచ్చని ఆశ.

నర్సు లవీనా ఐసు పెట్టె తెరిచింది. పన్నెండు డోసులు.

"స్టాఫ్‌కి సూదంటే భయం. దాన్ని పోగొట్టడం అధికారి ధర్మం" అని గణేశ్వరరావు గారు చొక్కా చెయ్యి మడిచారు. ఆయన తర్వాత భయం పోగొట్టడానికి సూపరింటెండెంటు, పీఏ, ముగ్గురు డ్రైవర్లు, ఫొటోగ్రాఫరు, సారు బావమరుదులిద్దరు వరసగా వచ్చారు. ఇంత త్యాగం ఆ బడి ఎన్నడూ చూడలేదు.

కాళమ్మ ముందుకొచ్చింది. "నాకు భయం లేదు సార్. ఏసెయ్యండి."

"భయమే లేకపోతే తొందరేముంది దీదీ? పహలే భయపడేవాళ్ల సంగతి చూడాలి కదా."

"పోనీ, భయముంది సార్."

"అయితే ఇంకో ముగ్గుర్ని చూడు. ధైర్యమొస్తుంది."

ముగ్గురు గుమాస్తాలను చూసింది. ధైర్యమొచ్చింది. డోసులు అయిపోయాయి.

"వచ్చే నెల పెట్టెలో నాకుంటాదా, లవీనమ్మా?"

"ఏసుకున్నోళ్లకే రెండోది, దీదీ. ఆరో నెల్లో మూడోది. ఆ పెట్టెలు కూడా వీళ్లవే."

"అంటే ఇంకా రెండు సభలు" అని గణేశ్వరరావు గారు డైరీలో రాసుకుని, మళ్లీ మైకు పట్టారు. "ఈ బడిలో భయాన్ని నూటికి నూరు శాతం నిర్మూలించాం."

పీఏ టపాసుల దండ ముట్టించాడు.

జాహ్నవి బెదిరింది. కాళమ్మ అరచెయ్యి నెత్తురైంది. ఆమె కిక్కురుమనలేదు, అరిస్తే పిల్ల ఇంకా బెదురుతుంది. కుళాయి దగ్గర సబ్బుతో కడుక్కుంది. లవీనా గుడ్డ కట్టింది.

ఫొటో కోసం అందరికీ ఒకే బంతి వేయించారు. చేపల పులుసు వడ్డించారు.

"లవీనా, కలిసి తింటే అంటదు కదా?" అని గణేశ్వరరావు గారు మెల్లగా అడిగారు.

"అంటదు సార్."

అయినా ఆయన విస్తరి రెండడుగులు జరుపుకున్నారు. టీకా పడిన పన్నెండు విస్తళ్లూ జరిగాయి. ఈ పక్క కాళమ్మ ఎడమచేత్తో చెంచా పట్టుకుని పిల్లకో ముద్ద పెట్టి, తనో ముద్ద తింటోంది.