మంత్రిగారి బొడ్డుతాడు

జాతీయత అంటే భాషా, రక్తమా, పటం మీద గీతా అని యూరప్ పండితులు రెండు వందల ఏళ్లుగా జుట్టు పీక్కుంటున్న సంగతి పాఠకులకు తెలిసిందే. ఘానా జాతీయ స్ఫూర్తి మంత్రి హానరబుల్ అగ్బోజో దాన్ని ఒక్క సభలో తేల్చేశారు.

"ఎవడి బొడ్డుతాడు ఏ మట్టిలో పాతారో అదే వాడి దేశం! మన తాతలు ఏ పుస్తకమూ చదవకుండా కనిపెట్టిన సిద్ధాంతం ఇది. బొడ్డుతాడు ఇక్కడ లేనివాళ్లకి ఇకమీదట ఈ సంతలో కొట్టు లేదు, ఈ ఊళ్లో కాపురం లేదు."

టోగో సరిహద్దును ఆనుకుని ఉన్న ఆగ్బోకొపే సంత చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టినవాడు పార్టీ కార్యకర్త ఎడెమ్. జిల్లా అధ్యక్ష పదవి అతనికేనని మంత్రిగారు మాటిచ్చి ఉన్నారు. చేతులు నొప్పెట్టాక గానీ అతనికి పెళ్లాం గుర్తుకు రాలేదు.

కఫూయి ఆ సంతలోనే ఎండు నెత్తళ్లు అమ్ముతుంది. పుట్టింది మాత్రం గీతకు అవతల. పుట్టిల్లు దూరమేమీ కాదు, ఇక్కడ కేకేస్తే అక్కడ పలుకుతారు.

"నన్ను వెళ్లగొట్టమని చప్పట్లు కొట్టావట?" అంది కఫూయి.

"సిద్ధాంతానికి కొట్టానే, నీకు కాదు."

"అయితే ఈ పూట ఆ సిద్ధాంతాన్నే వండుకు తిను."

పదవి వదులుకోలేడు, ఆమెను విడిచి ఉండలేడు. ఎడెమ్ వెళ్లి మంత్రిగారి కాళ్లావేళ్లా పడ్డాడు.

"దేశం కోసం త్యాగం చేసే అదృష్టం నీ భార్యకి పట్టిందయ్యా, అడ్డుపడకు. ముందు నా బొడ్డుతాడు పాతిన చోట స్మారకం కట్టించే పని చూడు" అన్నారు మంత్రిగారు.

ఆ ఊళ్లో బొడ్డుతాడు పాతి, దాని మీద కొబ్బరిమొక్క నాటుతారు. ఆ పని మేనత్తది. మర్నాడు బ్యాండుమేళం, జెండాలు, విలేకరులు అందరూ మంత్రిగారి మేనత్త ఆఫి వెనక బయల్దేరారు. ముసలమ్మ ఇళ్ల వెనక నుంచి, కర్రపెండలం చేల మధ్య నుంచి చకచకా నడిచి, సరిహద్దు రాయి దాటేసింది.

"అత్తా, ఆగు! అది టోగో!" అని అరిచారు మంత్రిగారు.

"మట్టి మెత్తగా ఉందా లేదా అని చూశాను గానీ, అది ఎవడి దేశమో నేనెందుకు చూస్తానురా కొజో?" అని ఆఫి ఆకాశమంత ఎత్తున్న కొబ్బరిచెట్టును అరచేత్తో చరిచింది. "ఇదిగో, నీదే."

బ్యాండు ఆగిపోయింది. ఎడెమ్ లోలోపల గంతులేశాడు. మంత్రిగారే పరాయివాడైతే ఇంక సిద్ధాంతం ఎక్కడిది? కఫూయి ఎక్కడికీ పోనక్కర్లేదు.

మంత్రిగారు చెట్టును చూశారు. కెమెరాలను చూశారు. చెట్టును కావలించుకుని భోరుమన్నారు.

"సోదరులారా! చూశారా ఈ ఘోరం? మన పవిత్రభూమిని ఇన్నేళ్లూ పరాయివాళ్లు ఆక్రమించుకుని కూర్చున్నారు!"

జనం హోరెత్తారు. ఆవేశం అంటురోగం. అవతల కాపలా ఉన్న టోగో జవాను కూడా, వరసకు మంత్రిగారి తమ్ముడే కాబట్టి, తుపాకీ చంకలో పెట్టుకుని చప్పట్లు కొట్టాడు.

అప్పటికప్పుడు కొత్త సరిహద్దు గీయాలని నిర్ణయమైంది. సున్నం బకెట్ ఎడెమ్ చేతికొచ్చింది.

"హానరబుల్, ఇంకో నాలుగిళ్లు ముందుకి గీద్దామా? మా అత్తగారిల్లు అక్కడే. మా ఆవిడ చెట్టు కూడా..."

"తప్పు, ఎడెమ్! ఊరికే ఎవరి భూమినో కలిపేసుకుంటే దాన్ని దురాక్రమణ అంటారు. నా చెట్టు దాకానే మాతృభూమి."

ఎడెమ్ చెట్టు చుట్టూ చక్కగా గీశాడు. పదవి కాగితం అక్కడే, ఆ చెట్టు నీడలోనే అందింది. విలేకరులు ఫొటోలు తీశారు.

అంతలో, అలిగి వెళ్లిన పుట్టింటి వైపు నుంచి కఫూయి వచ్చింది. నెత్తిన గిన్నె, గిన్నెలో వేడివేడి చేపల పులుసు. పొద్దుట్నుంచి మొగుడు ఏమీ తినలేదని ఆమెకు తెలుసు. తడి సున్నం తొక్కకుండా చీర కుచ్చిళ్లు ఎత్తినట్టు కట్టుబట్ట ఎత్తిపట్టి, గీత మీదుగా కాలు వేయబోయింది.

మంత్రిగారు చూస్తున్నారు.

ఎడెమ్ గొంతు సవరించుకున్నాడు.

"మీ కాగితాలు చూపించండి" అన్నాడు.