మా ఆఫీసు గేట్‌వేకి సన్మానం చెయ్యాలి

పాఠకులారా! లింకు తెరుచుకోకపోవడమంత సుఖం ఈ లోకంలో ఇంకోటి లేదు. నవ్వకండి! నా పేరు శౌరి. ఫిల్మ్‌నగర్‌లో ఒక సినిమా కంపెనీ కథా విభాగంలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను, ఇంతవరకూ తెర మీద పేరు పడలేదు. అనుభవం మీద చెబుతున్నాను, వినండి.

పోయిన నెల మా కొత్త సినిమా టీజర్ ముందే బయటికి పొక్కిందని ప్రొడ్యూసర్ గారు మండిపడి, గేట్‌వే అనే యంత్రం పెట్టించారు. ఆఫీసులో ఏ వెబ్‌పేజీ తెరిచినా దీని చేతుల మీదుగానే రావాలి. వచ్చేటప్పుడు పేజీలో ఉన్న ప్రతి లింకు ముందూ మా కంపెనీ వెబ్ చిరునామా తగిలిస్తుంది. మేం నొక్కితే తెరుచుకుంటుంది. అదే లింకు బయటివాళ్లకి పంపామా, మా కంపెనీ బొమ్మ ప్రత్యక్షమై ఎంప్లాయీ నంబరు అడుగుతుంది. ఎంత క్రమశిక్షణ!

దీనివల్ల కళకి జరిగిన మేలు చూడండి. ఎడిటింగ్ రూమ్ వరప్రసాద్ తన చెల్లెలి పెళ్లికి, వెంగళరావు నగర్ ఫంక్షన్ హాలుకి దారి చూపే లింకు చుట్టాలకి పంపాడు. వాళ్లు తెరిస్తే మా కంపెనీ బొమ్మ, కింద మా ఆఫీసు అడ్రసు! పట్టుచీరలతో, గిఫ్టు ప్యాకెట్లతో నలభై మంది మా వాకిట్లో దిగారు. జూనియర్ ఆర్టిస్టులు టైముకి వచ్చారని మేనేజర్ మురిసిపోయి, వ్యానెక్కించి పెళ్లి సీన్‌కి తోలాడు. వాళ్లు నిజం అక్షింతలే వేశారు. హీరోయిన్‌కి మూడు మిక్సీలు వచ్చాయి.

ఇక నా సంగతి. ఈ సినిమాకి కథ నాది. మొత్తం నాదే! పేరు వేస్తానని డైరెక్టర్ గారు నా భుజం మీద చెయ్యేసి మరీ చెప్పారు. మొన్న ఈ సినిమాకి పనిచేసినవాళ్లందరి పేర్లతో వెబ్‌పేజీ వచ్చింది. చూపించమని మా ఆవిడ తెరెసా ఒకటే గొడవ. లింకు పంపాను.

"మీ పేరు చూద్దామంటే నా ఎంప్లాయీ నంబరు అడుగుతోందేంటండీ?" అంది ఫోన్లో.

ఊరుకుంటుందా? చర్చి గ్రూపులో పెట్టేసింది. పక్కింటి శకుంతలమ్మ గారు గ్యాస్ కనెక్షన్ నంబరు కొట్టారు. ఫాదర్ గారు నా జ్ఞానస్నానం తేదీ కొట్టి చూశారట. అయినా తెరుచుకోలేదు. ఇంత భద్రంగా దాచారంటే శౌరి పేరు ఎంత పెద్దగా వేశారోనని, ఆదివారం పూజ అయ్యాక అందరూ నాకు షేక్‌హ్యాండిచ్చారు. తెరెసా కేకు కోయించింది.

నిన్న ఆఫీసులో కంప్యూటర్లు చూసే నర్సింహ ఈ సంగతి విని నవ్వుకుంటూ వచ్చాడు.

"ఫికర్ చెయ్యకుండ్రి సార్. సోమారం గేట్‌వే తీసేస్తున్నం. మేడంకి మీరు పంపిన లింకు గూడ సీదా అసలు పేజీకే పోయేటట్టు చేస్త. ముందట మన కంపెనీది పెట్టినా, ఎనక అసలు అడ్రస్ అట్లనే ఉంటది గద!"

నా పై ప్రాణాలు పైనే పోయాయి. చూశారా యంత్రం మర్యాద! ముందు తనది తగిలించుకుంది గానీ, వెనకాల అసలువాడిది చెరపలేదు. మా డైరెక్టర్ గారికి ఆపాటి మర్యాద కూడా లేదండీ! ఆ పేజీ నేను ఆఫీసులో ముందే చూశాను. కథ అన్నచోట ఆయన పేరు, మాటలు అన్నచోట ఆయన బావమరిది పేరు. నాలుగుసార్లు వెతికాను. టిఫిన్లు పంపినవాళ్ల పేరు కూడా ఉంది, నాది లేదు. ఏడుపొచ్చింది. తెరుచుకోదని తెలిసే తెరెసాకి లింకు పంపాను.

"నీకు దణ్ణం పెడతాను నర్సింహా, ఇంకొన్నాళ్లు ఉంచవయ్యా" అని బతిమాలాను.

"ఎన్ని దినాలు సార్?"

"నా పేరు పడే సినిమా వచ్చేదాకా."



"అంటే పర్మనెంట్‌గ ఉంచాల్నా సార్?" అన్నాడు.