బస్సు కన్నా బస్సు ఫొటో మేలు!

అయ్యా, అమ్మా! బస్సు కన్నా బస్సు ఫొటో వెయ్యి రెట్లు మేలు! బస్సుకు డీజిలు కావాలి, డ్రైవరు కావాలి, మాలాంటివాళ్ళు ఎక్కాలంటే ర్యాంపు కూడా కావాలి. ఫొటోకు ఒక్క బ్యానరుంటే చాలు. పైగా ఫొటో ఎప్పుడూ లేటుగా రాదు.

ఈ జ్ఞానం నాకు ఊరికే రాలేదు. కొరియాలోని మా హేరిమ్ జిల్లా వికలాంగుల ప్రయాణ హక్కుల సంఘానికి నేను కార్యదర్శిని. పుట్టుకతోనే నా చేతులు వణుకుతాయి. ప్రభుత్వ సాయం అందకముందు మేం బతికిన అనాగరికపు బతుకు తలుచుకుంటే సిగ్గేస్తుంది. ఏడుగురం బస్టాపులో చేరి, మెట్లులేని బస్సు కావాలని గొంతులు చించుకునేవాళ్ళం. ఒక్క ఫొటో అయినా తీసుకున్నామా? లేదు!

సాయం వచ్చాకే మనుషులమయ్యాం. జిల్లా ఆఫీసు నుంచి ప్యో గారనే అధికారి వచ్చి నియమాలు చెప్పారు. పాపం, మంచివాడే. ఏ పని చేసినా ఋజువుగా ఫొటో పంపాలి. అందులో బ్యానరుండాలి, సభ్యులందరి మొహాలూ కనబడాలి, ఫొటో మాత్రం కార్యదర్శే తీయాలి. సమావేశంలో కింబాప్ అన్నం చుట్టలు తింటే తినకముందు ఒకటి, తింటూ ఒకటి. నోట్లో ముద్ద పెట్టుకుని నవ్వడం ఆర్నెల్లలో నేర్చేసుకున్నాం. ఇది కాదూ అభివృద్ధి?

మొదటి ఫొటోలు చూసి ప్యో గారు ఫోన్ చేశారు.

"కార్యదర్శి గారూ, ఇందులో పన్నెండు మంది ఉన్నారేంటండీ? మీరు కాక ఆరుగురేగా?"

"ఆరుగురే సార్. నా చెయ్యి వణికింది."

"అలాగా. మళ్ళీ తీయండి."

మళ్ళీ తీశాను. అంటే మళ్ళీ కింబాప్ తిన్నాం. ఇంత రుచికరమైన శిక్ష ఎవరికి దొరుకుతుంది చెప్పండి!

'బస్సు మా హక్కు' అని రాసిన మా పాత బ్యానరు చూసి ప్యో గారు కాస్త నొచ్చుకున్నారు. "హక్కు అంటే కోపంగా వినిపిస్తోందండీ. సాయం చేసేవాళ్ళు ఏమనుకుంటారు?" అని తనే ఒకటి రాసిచ్చారు. 'చేయీ చేయీ కలిపి ఆనందంగా నడుద్దాం!' ఫొటోలో నిలవాల్సిన ఆరుగురిలో నలుగురు చక్రాల కుర్చీల్లో ఉంటారు. అయితేనేం, ఆనందానికి కాళ్ళతో పనేముంది?

ఈ అభివృద్ధి ఒక్కరికి మాత్రం ఒంటబట్టలేదు. తాక్ బొక్‌సున్ అక్క. డెబ్బై దాటాయి, కుర్చీలోంచి లేవలేదు, నోరు మాత్రం పరుగులు పెడుతుంది. ఆవిడ కోరికల్లా ఒకటే. ఐదు రోజులకోసారి జరిగే సంతకు తనే వెళ్ళి, కిమ్చీ పచ్చడికి ముల్లంగి తన చేత్తో ఏరుకోవాలి. పదకొండేళ్ళుగా పక్కింటాయన తెచ్చిందే గతి. ఆయన తెచ్చేవన్నీ బెండుపట్టినవే.

కిందటి నవంబరులో వార్షిక నివేదికకు పెద్ద ఫొటో కావాల్సి వచ్చింది. దానికోసం ర్యాంపున్న బస్సును నగరం నుంచి ఒక గంటకు రప్పించారు! మిలమిలా మెరిసేలా కడిగారు, రిబ్బను కట్టారు. అక్కను ర్యాంపు మీదుగా ఎక్కించి, కుర్చీని బెల్టుతో బిగించారు. నేను ముప్ఫై ఒక్కసార్లు తీశాక ఒకటి కుదిరింది. ప్యో గారు చప్పట్లు కొట్టారు.

"చాలా బాగా వచ్చిందమ్మా. ఇక దిగండి."

"ఎందుకు దిగాలి?"

"ఫొటో అయిపోయిందిగా!"

"నీ ఫొటో అయింది బాబూ, నా సంత కాలేదు. ఇవాళ సంతరోజు."

"అమ్మా, ఇది ఫొటో కోసం తెప్పించిన బస్సు!"

"ఫొటోలో నేను బస్సెక్కినట్టు ఉందా లేదా?"

"ఉంది."

"ఎక్కినదాన్ని ఎక్కడికీ పోకుండా దిగిపోతే దొంగ ఋజువు అవదూ? నీ ఉద్యోగానికే ముప్పు నాయనా!"

డ్రైవరు ప్యో గారి వంక చూశాడు. ప్యో గారు ఆకాశం వంక చూశారు. బస్సు కదిలింది. నేనూ గబుక్కున ఎక్కేశాను. బ్యానరు స్టాపులోనే ఉండిపోయింది.

సంతలో అక్క ముల్లంగి గుట్టలో మోచేతుల దాకా చేతులు దూర్చింది. గిల్లింది, తట్టింది, వాసన చూసింది. "వీటిని ముల్లంగి అంటార్రా దొంగసచ్చినోడా?" అని అమ్మేవాణ్ణి నోరారా తిట్టింది. పదకొండేళ్ళ తిట్లు! వాడు నవ్వుతూ ఇంకో రెండు ఊరికే ఇచ్చాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. అక్కడొక ఫొటో తీశాను. ఎందుకోగానీ చెయ్యి వణకలేదు. గంట కాగానే బస్సు నగరానికి వెళ్ళిపోయింది, సాయంత్రం ఆ ముల్లంగి అమ్మేవాడి లారీలోనే ఇద్దరం ఇల్లు చేరాం.

మా సంఘం చరిత్రలో ఒక మనిషి ఒక చోటికి వెళ్ళిన ఫొటో అదొక్కటే. గర్వంగా పంపాను. వారానికి తిరిగొచ్చింది. 'బ్యానరు లేదు. ప్రయాణం జరిగినట్టు నిర్ధారణ కాలేదు. మళ్ళీ తీయండి.'

చూశారా, ఎంత గొప్ప నియమమో! వెంటనే జవాబు రాశాను. 'చిత్తం. మళ్ళీ తీస్తాను. అందుకు అదే బస్సు, అదే ర్యాంపు, సంతరోజు కావాలి. నా చేతుల సంగతి తమకు తెలిసిందే, ఒక్కసారికి కుదరదు. కాబట్టి ప్రతి సంతకూ బస్సు పంపించగలరు. ఇరవై ఏళ్ళలో ఒక మంచి ఫొటో తప్పకుండా సమర్పించుకుంటాను.'

జవాబింకా రాలేదు. అక్క మాత్రం ప్రతి సంతరోజూ సంచీ ఒళ్ళో పెట్టుకుని స్టాపులో కూర్చుంటోంది. సంచీలో ఆ రోజు స్టాపులో వదిలేసిన బ్యానరు కూడా ఉంది. ముల్లంగి చుట్టడానికి అంతకన్నా మంచి గుడ్డ లేదట.