తొట్టిలో మందు ఎవరు తాగారు?

"క్లోరిన్ పోయింది!"

మంగళవారం పొద్దున ఆరింటికి అలియాబాద్ గల్లీలోని తన ఇంటి వాకిట్లో వామన్‌రావు పెట్టిన ఈ కేక, పక్క వాటాలో పళ్ళు తోముకుంటున్న మాణిక్యమ్మ చెవిన పడింది. నోట్లో పళ్ళపొడితోనే ఉరికొచ్చింది.

"అయ్యో దేవుడా! ఎప్పుడు పోయిందన్నా? పిల్లలున్నరా పాపం?"

"ఎవరికి?"

"గదే, గా క్లారమ్మకు!"

"క్లారమ్మ కాదు తల్లీ, క్లోరిన్! నీళ్ళల్ల ఏసే మందు. రాత్రి ఏసిన. పొద్దుగాల లేదు."

మాణిక్యమ్మ వాకిట్లో ఉన్న ఇనుప తొట్టి వైపు చూసింది. దానికి సింహపు పాదాలు నాలుగు. మసక వెలుతురులో అవి కొంచెం ముందుకు జరిగినట్టు కనిపించాయి.

"అయితే ఎవరో తాగిండ్రన్నట్టు," అంది మెల్లగా, పళ్ళపొడి మింగేసి.

వామన్‌రావు నీళ్ళ డిపార్టుమెంటులో పరీక్షల మనిషి. గాజు గొట్టంలో నీళ్ళు పట్టి రెండు చుక్కల మందు వేస్తాడు. పసుపు రంగు తేలితే క్లోరిన్ ఉన్నట్టు. ఇరవై రెండేళ్ళుగా పాతబస్తీ నల్లాలకు చుక్కలు చూపించినవాడికి సొంత వాకిట్లో చుక్కలు కనిపిస్తున్నాయి.

తొట్టి కొన్నది ఆయన తండ్రి సదాశివ పంతులు మోకాళ్ళ కోసం. వచ్చే సోమవారం నుంచి గుడిలో ఆయన అర్చన వంతు. దేవుడి ముందు పీట మీద మఠం వేసుకుని కూర్చోవాలి. కూర్చోలేకపోతే వంతు శాశ్వతంగా పినతండ్రి కొడుకులకు పోతుంది. పంతులుగారి మోకాళ్ళేమో రెండేళ్ళుగా మడత పడనంటున్నాయి. రోజూ గంటసేపు వేడినీళ్ళలో కూర్చోబెట్టమన్నాడు డాక్టరు. "కానీ మడమ మీద పుండు ఉన్నది. నిలవ నీళ్ళల్ల మందు లేకుంటే కాలు పెట్టనియ్యొద్దు. మందు గూడ చెంచాడే," అని గట్టిగా చెప్పాడు. నల్లా వారానికి రెండుసార్లు వచ్చే ఇంట్లో నిలవ నీళ్ళు కానివేవి?

జహనుమాలో కూలగొడుతున్న ఓ పాత నవాబుల దేవిడీలో దొరికిందా తొట్టి. కింద బొగ్గులు వేసుకునే అర కూడా ఉంది. బండికెత్తుతుంటే అక్కడి ముసలి కావలివాడు వామన్‌రావు చెవి దగ్గరకొచ్చి, "పూరా భర్నా నక్కో, సాబ్" అన్నాడు. నిండా నింపొద్దట. ఎందుకని అడిగితే ఆకాశం వైపు చూసి వెళ్ళిపోయాడు.

సోమవారం కొత్త నీళ్ళలో స్నానం దివ్యంగా జరిగింది. పంతులుగారి మోకాలు సగం మడత పడింది. ఆయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. మంగళవారం నుంచే ఈ చోద్యం.

రాత్రి మళ్ళీ మందు వేసినా బుధవారం కూడా పసుపు తేలలేదు. తొట్టి చుట్టూ బండల మీద తడి పాదాల గుర్తులు మాత్రం తేలాయి. సరిగ్గా మూడు చుట్లు తిరిగి మాయమయ్యాయి. అంచు మీద ఎర్రటి చుక్క ఒకటి. వామన్‌రావు భార్య నళిని వేలితో తాకి, వేలును కొంగుకు తుడుచుకుని, ఆ కొంగును ఒంటికి దూరంగా పట్టుకుంది.

"ఏందండీ ఇది?"

"తుప్పు," అన్నాడు వామన్‌రావు. "మన ఇంట్ల దయ్యాలు గియ్యాలు అన్నోళ్ళకు తలంటి పోస్త."

గురువారం పాదాలు రెండు జతలయ్యాయి, ఒకటి సన్నం, ఒకటి వెడల్పు. నళిని గిన్నెతో నీళ్ళు ముంచితే అడుగున తెల్లగా, నున్నగా, పాలపన్నులాంటిదొకటి తగిలింది. దీపం తెచ్చేలోపు చేయి విదిలించేసింది. అది నీళ్ళలో పడ్డ చోట బుడబుడమని బుడగలు లేచాయి.

"పిల్లగాడు గూడ ఉన్నట్టున్నడమ్మా క్లారమ్మకు," అంది మాణిక్యమ్మ, గోడ మీంచి.

శుక్రవారానికి నాలుగు జతలు. నాలుగోవి పెద్దవి, మగపాదాలు.

"సంసారంతోని దిగింది," అంది వామన్‌రావు తల్లి రమాబాయి, గుండె మీద చేయి వేసుకుని. "అరే వామనా, రేపటిదాంక చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే ఈ తొట్టి పాత ఇనుము కొనే కబాడికి పోవాలె. లేకుంటే నేను మా అన్న ఇంటికి పోత."

"మరి బాపు వంతు?"

"వంతు పోతే పోయింది. మనిషి దక్కాలె గద!"

వామన్‌రావు ఆ మగపాదాల వైపు ఒకసారి చూసి, వెళ్ళి చెప్పులు తొడుక్కున్నాడు.

ఇంత జరుగుతున్నా పంతులుగారు మాట్లాడలేదు. తొట్టికి ఎదురుగా వరండా మంచం మీద, భుజాన తువాలుతో, తెల్లవారుజాము నుంచే తయారుగా కూర్చునేవాడు. చెవులు కొంచెం మందం కాబట్టి ఆయనకెవరూ ఏమీ చెప్పలేదు. ఏమీ అడగనూ లేదు. నాలుగు రోజులుగా స్నానం లేక మోకాళ్ళు మళ్ళీ కట్టెలయ్యాయి.

శనివారం పొద్దున్నే డిపార్టుమెంటు లాబొరేటరీ నుంచి ఇశ్రాయేలు వచ్చాడు. వామన్‌రావు చుక్కలు వేసే మనిషైతే, ఆ చుక్కలు తయారుచేసే మనిషి ఇశ్రాయేలు. వార్త ముందే పాకి గల్లీ సగం గడపలో నిలబడింది. ఇశ్రాయేలు తొట్టి మూత తీశాడు. రాత్రి వేసిన బొగ్గులు చల్లారినా నీళ్ళ మీంచి సన్నగా ఆవిరి లేచింది. ఎవరో ఊపిరి వదిలినట్టుంది. గొట్టంలో నీళ్ళు పట్టి చుక్కలు వేశాడు. తెల్లగానే ఉన్నాయి.

"వేడికి కొంత ఎగిరిపోతదన్నా. గానీ గింత సాఫ్‌గ పోదు. ఏదో తింటున్నది."

గడపలో ఉన్నవాళ్ళు ఒక మెట్టు వెనక్కి దిగారు. "ఎత్తుండి, బండి పిలువుండి," అంది రమాబాయి. నలుగురు మగవాళ్ళు తొట్టి పాదాలు పట్టుకున్నారు.

అప్పుడు మంచం మీంచి పంతులుగారు అరిచాడు.

"అరే! తొట్టి ఏడికి తీస్కపోతున్నరు? అయిదు దినాలాయె, పిండుడే గానీ స్నానం లేదు! ఇంక ఎన్ని నిమ్మకాయలు పిండుతరు?"

తొట్టి దభీమని కింద పడింది.

"నిమ్మకాయలేంది బాపూ?" అన్నాడు వామన్‌రావు, చాలా సన్నగా.

"డాక్టరు చెప్పిన మందు గదరా! మీ అమ్మ మొదటి దినం నుంచి పిండుతున్నది. కోడి కూయంగనే తడిబట్టల్తోని వస్తది, కుంకుమ పెట్టిన నిమ్మకాయ మూడు చుట్లు తిప్పుతది, పిండుతది, చెక్కలు గోడ అవతల పారేస్తది. తర్వాత కోడలు. కోడలు లోపలికి పోంగనే మాణిక్యమ్మ."

రమాబాయి తల వంచుకుంది. "పరాయి ఇంటి వస్తువు. దిష్టి తియ్యకుంటె ఎట్ల?"

"పాదాలు చూసి భయమేసింది," అంది నళిని.

"ఎవరి పాదాలే?" అన్నాడు వామన్‌రావు.

"అత్తమ్మవే కావొచ్చు."

"నేను మీ ఇద్దరి పాదాలు చూసి పిండిన," అంది మాణిక్యమ్మ.

ఇశ్రాయేలు నుదురు కొట్టుకున్నాడు. గడపలో ఉన్నవాళ్ళందరికీ వినబడేలా విడమరిచి చెప్పాడు. "నిమ్మరసం పడ్డంక క్లోరిన్ బతకదు! దయ్యం లేదు, గియ్యం లేదు. ఎర్రచుక్క కుంకుమ, పాలపన్ను నిమ్మగింజ. మందు పోయిందని భయపడి పిండిండ్రు, పిండిండ్రు గనక మందు పోయింది. గంతే!"

గల్లీ పెద్దగా ఊపిరి పీల్చుకుంది. అంతలో ఎవరో అడిగారు: "మరి ఆ నాలుగో జత? మగపాదాలు?"

పంతులుగారు తువాలుతో కొడుకు వైపు చూపించాడు. "వీడు నిన్నటి నుంచి మొదలుపెట్టిండు. అందరికంటె లాస్టు వస్తడు. రెండు చేతుల్ల రెండు. పిండినంక చేతులు కడుక్కొని, గా గాజు గొట్టాల పెట్టె తెరిచి పరీక్ష చేస్తడు."

నీళ్ళ డిపార్టుమెంటు మనిషి కాబట్టి వామన్‌రావు చాలాసేపు నీళ్ళు నమిలాడు. చివరికి, "ఆ కావలాయన ఆకాశం దిక్కు చూసిండమ్మా," అన్నాడు.

ఆ మధ్యాహ్నం నల్లా వచ్చింది. తొట్టి కడిగి, నీళ్ళు పొర్లి కింది బొగ్గులు ఆరకుండా బెత్తెడు తక్కువగా నింపారు; కావలివాడు నిండా నింపొద్దన్నదీ అందుకేనట. చెంచాడు మందు వేశారు. ఇంట్లోని నిమ్మకాయలన్నీ ఇశ్రాయేలు సంచిలోకి వెళ్ళాయి. ఆదివారం పొద్దున గొట్టంలో బంతిపువ్వు రంగు తేలింది. పొద్దున గంట, సాయంత్రం గంట పంతులుగారు తొట్టిలోంచి లేవలేదు. సోమవారం గుడిలో ఆయన పీట మీద కూర్చున్నాడు. మఠం కొంచెం వంకరగానే పడింది, కానీ వంతు నిలిచింది.

శనివారం పట్టిన నమూనాకు ఇశ్రాయేలు డిపార్టుమెంటు పుస్తకంలో ఫలితం రాసి సంతకం పెట్టాడు: "క్లోరిన్ లేదు. సి విటమిన్ పుష్కలం."